ఆరిందనుకున్న నిప్పు

చిరంజీవి మారెన్‌కి,

నాన్న ఆశీస్సులు. ఇక్కడ నేను, నా మోకాలు, నీ పిల్లి, ముగ్గురమూ బాగానే ఉన్నాం. ఆ అడవి మంటల మధ్య నువ్వూ, నీ దళంలోవాళ్ళూ క్షేమంగా ఉన్నారని తలుస్తాను. మీ కొండల్లో ఫోను అందకపోవడం వల్ల ఒక మేలు జరిగింది. ముప్పై ఏళ్ళ తర్వాత నేను మళ్ళీ ఉత్తరాలు రాస్తున్నాను.

ముందు నీ ప్రశ్నలకు జవాబులు. అవును, ఒక్కడినే వెళ్ళాను. అవును, నీ పాత గుడారమూ, నీ పారే తీసుకెళ్ళాను. నలభై ఏళ్ళు ఊళ్ళోవాళ్ళ ఇళ్ళకు గొట్టాలు బిగించినవాణ్ణి, ఆ మూడు కడ్డీలు నిలబెట్టడానికి గంటన్నర పట్టిందంటే నవ్వుకో. "పార దేనికో తెలుసుగా నాన్నా" అని రాశావు. తెలుసు. కాలకృత్యాలకు వాగుకు దూరంగా జానెడు లోతు గుంట తవ్వాను, మళ్ళీ పూడ్చాను. ప్లంబరుగా బతికి, అరవై ఆరో ఏట ఈ విద్య కూతురి దగ్గర నేర్చుకోవాల్సి వచ్చింది.

స్పోకేన్‌లో తెల్లవారకముందే బయల్దేరాను. ఐడహో దాటి, కనుమ ఎక్కి, మోంటానాలో దిగి, మధ్యాహ్నానికి తారు రోడ్డు వదిలి మట్టిరోడ్డు పట్టాను. గేటూ, బల్లా, కుళాయీ ఏమీ లేని అడవిలో, ఎవరో ఎప్పుడో పేర్చిన రాళ్ళ పొయ్యి కనిపిస్తే అదే మన చోటు అన్నావు కదా. రెండో కొండ మలుపులో కనిపించింది. మారెన్, ఆ పైన్ చెట్ల కొసలు చూద్దామని తల ఎత్తితే టోపీ వెనక్కి పడిపోయింది. ఆ గాలి వాసన పీలుస్తూ చాలాసేపు ఊరికే నిలబడ్డాను. ఇన్నేళ్ళూ మోటెళ్ళలో పడుకుని అడవి చూసొచ్చానని చెప్పుకున్నందుకు సిగ్గేసింది.

పక్క మలుపులో ఒక పాత పికప్ ఆగి ఉంది. దాని యజమానురాలు ఆర్డిస్, డెబ్బై ఎనిమిదేళ్ళ మనిషి. ఏటా ఈ రోజుల్లో ఒక్కతే వచ్చి వారం రోజులు హకిల్‌బెర్రీలనే అడవి పళ్ళు కోసుకుంటుందట. సాయంత్రం నా కాఫీకి వచ్చింది. వేళ్ళన్నీ ఊదా రంగు. "ఏ కొండ మీద కోశారండీ?" అని అడిగాను.

"ఆ కొండ మీదే" అంటూ నాలుగు దిక్కులా చెయ్యి తిప్పింది. "నా సొంత చెల్లెలికే చెప్పలేదు, నీకు చెప్తానా? నా సంగతి సరే, నిప్పు రాజేశావు, ఆర్పడం వచ్చా ప్లంబరూ?"

ముందు వారం వానలు పడ్డాయి కాబట్టి నిప్పు వేసుకోవచ్చని అడవి ఆఫీసు బోర్డు మీద చూసే వేశాను. అయినా ఆ ప్రశ్నకు నాకు పౌరుషం వచ్చింది. "మా అమ్మాయి పదకొండేళ్ళుగా అడవి మంటలార్పే దళంలో ఉందండీ. నాకు చెప్తారేంటి?" అన్నాను ఛాతీ విరుచుకుని. నువ్వు ఇరవై కిలోల మూట వీపున వేసుకుని కొండలెక్కడం, గాయపడిన తోటివాణ్ణి మోసుకుని దిగడం, అన్నీ చెప్పాను. ఆవిడ ఓపికగా విని, "అబ్బో, అయితే ఇవాళ నిశ్చింతగా పడుకుంటాలే" అని వెళ్ళిపోయింది.

ఇంతవరకూ రాసి లేచి, పిల్లికి పాలు పోసి, లేని పనులు రెండు చేసుకుని వచ్చాను. ఇక అసలు సంగతి రాయాలి.

మర్నాడు పొద్దున ఆ పొయ్యి మీద కూజాలో మిగిలిన నీళ్ళు పోశాను. చుయ్యిమంది. పైన మా నాన్న పొలంలో చేసినట్టు మట్టి కప్పాను. అంతే, బండెక్కాను. నీళ్ళు పోసి, కలిపి, మళ్ళీ పోసి, వట్టి చేత్తో తడిమి చల్లగా తగిలితేనే కదలాలని నువ్వెన్నిసార్లు చెప్పావు! మట్టి కింద నిప్పు బతికే ఉంటుందనీ చెప్పావు. అన్నీ విన్నాను, పక్కవాళ్ళకు చెప్పుకోవడానికి.

ముప్పై మైళ్ళు పోయాక నీ పార అక్కడే మర్చిపోయానని గుర్తొచ్చింది. నీ పార కాబట్టి వెనక్కి తిప్పాను. నిప్పు కోసమని తిప్పలేదు, అది కూడా రాయాలి.

మలుపు తిరగ్గానే పొగ వాసన తగిలింది. గాలి లేచినట్టుంది. రాళ్ళ కిందనుంచి ఎండి రాలిన సూదుల్లాంటి పైన్ ఆకుల్లోకి పాకి, పన్నెండడుగుల మేర నేల నల్లబడింది. ఒక పైన్ చెట్టు మొదట్లో ఇంకా పొగ వస్తోంది. ఆర్డిస్ మోకాళ్ళ మీద కూర్చుని నీ పారతో ఆ చెట్టు వేళ్ళ చుట్టూ తవ్వుతోంది. పక్కన ఆవిడ బకెట్లు రెండూ ఉన్నాయి. నాలుగు రోజుల పళ్ళు దారి పొడుగునా నేలపాలు చేసి, ఆ బకెట్లతో వాగు నుంచి నీళ్ళు మోసింది.

"చూస్తావేంటయ్యా, బకెట్టందుకో!" అని అరిచింది.

రెండు గంటలు మోశాను. ఆవిడ ఆగితే ఒట్టు. చివరికి నా చెయ్యి పట్టుకుని బూడిదలో పెట్టింది. "ఇంకా వెచ్చగా ఉంది" అన్నాను. "అయితే ఇంకా నీళ్ళు తే." అలా నాలుగుసార్లు. అలాంటి మనిషిని నేను జన్మలో చూడలేదు. పళ్ళ గురించి క్షమించమంటే, "పళ్ళు వచ్చే ఏడు కాస్తాయి. ఈ మంట చెట్లపైకి ఎక్కి ఉంటే ఎవరి పిల్లల్ని పిలిచేవారో నీకు తెలుసా?" అంది. తెలుసన్నాను. "ఆ అమ్మాయికి నువ్వు రాస్తావా, నన్ను రాయమంటావా?"

నేనే రాస్తానన్నాను. రాసేముందు ఇంకొకటి చేశాను. అడవి ఆఫీసుకు వెళ్ళి జరిగిందంతా చెప్పాను. బల్ల దగ్గరున్నావిడ కాగితం ఇచ్చి, నిప్పు వదిలి వెళ్ళినవారి పేరు రాయమంది. రాశాను. ఆవిడ చదివి తలెత్తింది.

"సోల్‌హైమ్ అంటే... పోయిన ఏడు మా కొండ కాపాడిన దళంలో మారెన్ సోల్‌హైమ్ అని ఉండేది. మీకేమవుతుంది?"

పదకొండేళ్ళుగా ఆ ప్రశ్న ఎవరడుగుతారా అని ఎదురుచూసి మరీ జవాబు చెప్పేవాణ్ణి. "నా కూతురు" అని మొదటిసారి తల దించుకుని చెప్పాను.

నీ కోపం తీరేదాకా తిడుతూ ఉత్తరం రాయి, ఎంత పొడుగైనా చదువుతాను.

ఇట్లు,
నీ దగ్గర మళ్ళీ మొదటినుంచి నేర్చుకోవాల్సిన
నాన్న