డ్రోన్ ఫొటో

తనకల్లు

తిప్పేస్వామన్నకు,

ఫోన్‌లో నన్ను మాట్లాడనివ్వడం లేదు కాబట్టి ఈ ఉత్తరం. చేలకు మందు కొట్టే నా డ్రోన్ పోయినప్పటి నుంచి నువ్వూ, మా ఆయనా ఒకటే పాట: నేను స్టేటస్‌లో దాని ఫొటో పెట్టబట్టే దొంగలు పడ్డారని. దొరికితే అమ్మేద్దామని కూడా అనుకున్నారట!

నిన్న పోలీసులు దొంగను పట్టుకున్నారు, డ్రోన్ దొరికింది. స్టేషన్లో నేనే వాణ్ణి అడిగాను.

"ఏమప్పా, నా ఫొటో చూసి వచ్చినావా?"

"ఏం ఫొటోక్కా? నాకు అట్లాంటి ఫోను యాడుండాది? మీ ఆయనే టీ అంగట్లో అందరికీ చెప్తాండె. మిషను పశువుల కొట్టంలో పెట్టినాం, దానికి తలుపే లేదని!"

పక్కనే ఉన్న మా ఆయన పైకప్పు చూస్తూ నిలబడ్డాడు. బయటికి వచ్చాక ఏమన్నాడో తెలుసా? "అయినా నువ్వు ఫొటో పెట్టకుండా ఉండాల్సింది" అన్నాడు.

ఈయనతో నా వల్ల కాదన్నా. శిక్షణకు పోయి నేర్చుకున్నది నేను. ఆ ఫొటో చూసే కదిరి రైతులు వేరుశనగకు మందు కొట్టమని పిలిచారు. అమ్మకం మాట ఇక ఎత్తొద్దు. రేపు వాళ్ల చేలో డ్రోన్ ఎగరేసి ఇంకో ఫొటో పెడతాను. నీకు చేతనైతే వచ్చి ఆయన నోటికి తాళం వెయ్యి.

నీ చెల్లెలు