మొద్దుని పిలిచిన పిలుపు

అక్కా,

నిన్నటినుంచి ఒక చోట కుదురుగా కూర్చోలేకపోతున్నాను. మా కుక్క మొద్దుని సముద్రం ఒడ్డుకి తీసుకెళ్తే గొలుసు విడిపించుకుని అలల వైపు పరిగెత్తింది. ఆఫీసువాళ్లెవరైనా వింటారని మీ మరిదిగారు దాన్ని ఈ దేశం భాషలో, అదీ మెల్లగా పిలిచారు. దానికొచ్చింది తెలుగొక్కటే కదా! నాకు పై ప్రాణం పైనే పోయింది. "మొద్దూ, అన్నం చల్లారిపోతోంది, రావే!" అని గొంతు చించుకున్నాను.

వచ్చింది. దాని వెనకే నీ ఈడు ఆవిడెవరో చెప్పులు వదిలేసి మరీ పరిగెత్తుకొచ్చింది. "మా అమ్మ నన్నూ అలాగే పిలిచేది" అని నవ్వబోయి కళ్లు తుడుచుకుంది. ఇల్లెక్కడో అడిగేలోపే, ఇక్కడికి కుక్కలు రాకూడదంటూ ఒడ్డున ఉండే కాపలావాడు మమ్మల్ని బయటికి పంపేశాడు.

మళ్లీ కుక్కని తేవద్దన్నాడు. తీసుకెళ్లను. రేపు ఒక్కదాన్నే వెళ్లి, అలాగే అరుస్తాను.

నీ చెల్లి