పెట్టె మూత మీద నీ రాత

అక్కా,

నువ్వు పోయాక వచ్చిన మొదటి కోకో కోత పాడైంది. బావ మీద ఎంత కోపంగా ఉందో నీ మీదా అంతే ఉంది.

శివరాత్రి దాటినా ఈసారి చలి వదల్లేదు. కాయలు ఆలస్యంగా పండాయి. గింజలు పులవడానికి చెక్కపెట్టెలో పోసి అరిటాకులు, గోనెసంచులు కప్పినా వేడెక్కలేదు. ఇంకో రెండు రోజులు ఉంచుదామన్నాను. బావ వింటేనా! మూత మీద నువ్వు సుద్దతో రాసిన ‘ఆరో రోజు తీసెయ్యాలి’ చూపించి, "మీ అక్క మాట నేను దాటనయ్యా" అన్నాడు. ఆరో రోజు పొద్దున్నే తీసి ఎండబోశాడు.

కొనడానికి వచ్చినాయన ఒక గింజను కత్తితో కోసి చూపించాడు.

"లోపల ఊదారంగు పోలేదండి. సరిగ్గా పులవలేదు. చాక్లెట్టుకి పనికిరాదండి."

అసలు అలా ఎందుకు రాశావు? నిరుడు మండువేసవిలో ఆసుపత్రికి వెళ్తూ, వారంలో వచ్చేస్తానని మా కోసం రాసిపెట్టావు. ఆ ఎండలకి ఆరు రోజులు చాలు. నువ్వెప్పుడైనా రోజులు లెక్కపెట్టావా? కుప్పలోకి మోచేతిదాకా చెయ్యి పెట్టి, "ఇంకా కాలేదు" అనేదానివి. ఆ ముక్క రాయడానికి మూత మీద చోటు లేకపోయిందా?

రెండో పెట్టెకి ఇవాళ ఆరో రోజు. బావని దగ్గరికి రానివ్వకుండా నేనే చెయ్యి పెట్టాను. వెచ్చగానే ఉంది. ఎంత వేడెక్కితే అయినట్టో తెలియలేదు. ఇన్నేళ్లలో ఒక్కసారైనా నీ పక్కన నిలబడి నేనూ చెయ్యి పెట్టి చూడలేదు.

తమ్ముడు