నా తర్వాత తొట్టిలో పాచి చూడవలసిన మనిషి

ఈ ఇంటి చిన్నకోడలిని, యాభై రెండేళ్ళ గృహిణిని అయిన నేను, ఎవరి బలవంతమూ లేకుండా, పూర్తి తెలివిలో ఉండి, ముందుగదిలో ఉప్పునీటి తొట్టి ఎదుట కుర్చీ వేసుకుని నా చేతిరాతతో రాస్తున్న వీలునామా ఇది. సోమవారం నాకు గుండె వాల్వు మార్చే ఆపరేషన్. "వందలో తొంభై ఐదు మంది నడుచుకుంటూ ఇంటికెళ్తారమ్మా" అన్నారు డాక్టరుగారు. నేను లెక్కల మనిషిని. ఆ రోజునుంచి నా మనసు మిగిలిన ఐదుగురి దగ్గరే కూర్చుంది. ఇంతకుముందు రాసిన వీలునామా ఏదీ లేదు కాబట్టి రద్దు చేయవలసిందీ లేదు.

1. ఇంటి కింది భాగంలో నా వాటా మా ఆయనకు, ఆయన తర్వాత మా అమ్మాయికి చెందాలి. నా నాలుగు గాజులు, కుట్టుమిషను నేరుగా అమ్మాయికే. మిషను సూది దగ్గర మర బిగించి తొక్కు. లేకపోతే దారం తెగుతుంది, నువ్వు మిషన్ని తిడతావు.

2. మా ఆయన లిఫ్టుల మెకానిక్. పాతికేళ్ళుగా ఎక్కడో మధ్యలో ఇరుక్కున్నవాళ్ళని బయటికి లాగి ఇంటికి వచ్చే మనిషి. వంటింటి తాళాలు, రేడియో, కిటికీ పక్క మంచం ఆయనవి. చేపల మేత డబ్బా మాత్రం ఆయనకు చెందదు. దాన్ని ఆయన తాకకూడదు. ఆయనకు మంచి మనసు. తొట్టికి ఆ మంచి మనసే ముప్పు. "పాపం, నన్నే చూస్తున్నాయే. రెండు గింజలు ఎక్కువేస్తే ఏం పోయింది?" అంటారు. పోయేది అంతా. తినగా మిగిలిన మేత అడుగున కుళ్ళుతుంది. అది నైట్రేటుగా, ఫాస్ఫేటుగా నీళ్ళలో కలుస్తుంది. పాచి బతికేది వాటి మీదే. ఏమండీ, మీరు చేపకు వేశాననుకుంటారు, వేసింది పాచికి.

3. మా అమ్మాయి పళ్ళ డాక్టరు దగ్గర సహాయకురాలు. "రోజంతా జనం పళ్ళ మీద గార గోకి, ఇంటికొచ్చి నీ రాళ్ళ మీద పాచి గోకాలా అమ్మా?" అని విసుక్కుంటూనే అక్కడ పక్కన పడేసిన వంకర గోకుడుపుల్ల తెచ్చి ఇచ్చింది. నా దగ్గరున్న పనిముట్లన్నిట్లో మంచిది అదే. దాన్ని నీకే తిరిగి ఇస్తున్నాను. ఆదివారాలు నువ్వు గోకు. తొట్టి బాధ్యత మాత్రం నీ మీద పెట్టను. అది చచ్చిపోతే నువ్వు జీవితాంతం నన్ను నువ్వే చంపినట్టు తిరుగుతావు. నీ సంగతి నాకు తెలుసు.

4. చేపల షాపాయనకు, ఆయన నాకు అంటగట్టిన పాచి మందు సీసా. సగం అలాగే ఉంది. "ఒక్క మూత పోయండమ్మా, తెల్లారేసరికి అద్దంలా ఉంటుంది" అన్నాడు. తెల్లారేసరికి ఆరు నత్తలు వెల్లకిలా పడి ఉన్నాయి. సీసా ఆయన చేతిలో పెట్టి, ఏమీ అనకుండా వచ్చేయండి.

5. తొట్టి. రెండు వందల నలభై లీటర్లు. నారింజ చేపల జంట, పాచి తినే పసుపు చేప, రాళ్ళ మీద పాచి మేసే ముళ్ళ ఉండలాంటి సముద్రజీవి ఒకటి, నత్తలు పద్దెనిమిది, ప్రాణమున్న పగడాలు మూడు. ఈ వీలునామా నేను పోయాకే తెరవాలి కానీ పాచి అంతవరకూ ఆగదు. ఆపరేషన్ బాగా జరిగినా ఆరు వారాలు నేను బరువెత్తకూడదు, తొట్టిలో చెయ్యి పెట్టకూడదు. అందుకని ఈ ఒక్క అంశం నకలు ఫ్రిజ్ తలుపు మీద అతికించాను.

మేత రోజుకు ఒక్కసారి, రెండు నిమిషాల్లో తినేంత. దీపం ఎనిమిది గంటలు, నిమిషం ఎక్కువ వద్దు. వారానికోసారి ఇరవై నాలుగు లీటర్లు తీసి, శుద్ధి యంత్రంలో పట్టిన నీళ్ళలో సముద్రపు ఉప్పు కలిపి పోయాలి. కుళాయి నీళ్ళు చుక్క కూడా వద్దు. నీళ్ళలో మురికిని నురుగుగా పట్టే గిన్నె రెండు రోజులకోసారి కడగాలి. కింది అరలో చిన్న తొట్టిలో గుత్తిపాచి నేను కావాలని పెంచుతున్నదే, పారేయకండి. పైన పాచికి దక్కాల్సిన తిండి అది ముందే లాగేస్తుంది. ముల్లును ముల్లుతోనే తీయాలి. ఆదివారం ఆదివారం దాన్ని పిడికెడు కత్తిరించండి. రాళ్ళ మీద గులాబీరంగు పొర మురికి కాదు, ప్రాణం. వెల్లకిలా పడిన నత్తను నిలబెట్టండి, తనంతట తాను లేవలేదు.

నీళ్ళ పరీక్షలో నైట్రేటు ఐదుకూ పదికీ మధ్య ఉండాలి. ఫాస్ఫేటు రవ్వంత ఉండాలి. సున్నా చేయాలని మాత్రం ఆశపడకండి. ఎందుకో కింద రాశాను.

మొన్న పొద్దున పంపు మూతి దగ్గర వేలెడు పచ్చపాచి వెంట్రుక ఒకటి ఊగుతూ కనిపించింది. పీకేశాను. వెంట్రుక ఒకటి కనబడిందంటే కనబడనివి వంద ఉంటాయి. గుండె కూడా అంతేనేమో. రెండేళ్ళపాటు ఉత్త ఆయాసమే అనుకున్నాను.

6. ఈ అంశం రాయడానికి నాలుగు రోజులు పట్టింది.

పై అంతస్తులో ఉండే మా తోటికోడలు, నేను అక్కా అని పిలిచే మనిషి, నాలుగేళ్ళుగా నేనింట్లో ఉండగా కింది మెట్టు దాటి నా ముందుగదిలోకి రావడం లేదు. కారణం నేను. అప్పట్లో నేను పదకొండు రోజులు ఆసుపత్రిలో ఉంటే, ఆమె సాయం చేద్దామని దిగి వచ్చింది. తొట్టినిండా గోధుమరంగు జిగురు చూసి అసహ్యపడి, రాళ్ళన్నీ తీసి కుళాయి కింద పీచుతో తోమింది. నేను గుమ్మంలో అడుగు పెట్టగానే, "చూడు చెల్లీ, నీ రాళ్ళు ముత్యాల్లా తోమాను" అంది సంతోషంగా. పగడాలన్నీ పోయాయి, నత్తలు పోయాయి. బకెట్లో వేసిన పసుపు చేప ఒక్కటే బతికింది. నేను అందరి ఎదుటా, "నువ్వే చంపావు" అన్నాను. ఆమె తడి చేతులు చీరకు తుడుచుకుని పైకి వెళ్ళిపోయింది.

నీళ్ళ పరీక్షలు రాసుకునే నా రీడింగుల పుస్తకంలో ఆ నెల ఇలా ఉంది. నా రాతే. మే 3: ఫాస్ఫేటు సున్నా, నైట్రేటు సున్నా, హమ్మయ్య. మే 9: కొమ్మపగడం చివర్లు తెల్లబడ్డాయి. మే 12: గోధుమరంగు జిగురు, మూడు నత్తలు రాలాయి. మే 13: పగడం ఎముకలా ఉంది. నేను ఆసుపత్రికి వెళ్ళింది మే 14న. పచ్చపాచి భయంతో మేత మాన్పించి, ఫాస్ఫేటు పీల్చే గుళికలు రెట్టింపు వేసి, నీళ్ళలో ఆహారమన్నదే లేకుండా చేశాను. పాచి చచ్చింది. పగడం కూడా ఆకలితో చచ్చింది. ఆ ఖాళీలో విషపు జిగురు పుట్టింది. ఆమె తోమినందుకు రాళ్ళలో మిగిలిన ప్రాణం పోయిన మాట నిజం. పగడాన్ని చంపింది మాత్రం నేను. ఈ సంగతి తిరిగి వచ్చిన రెండో రోజే పుస్తకం తిరగేసి తెలుసుకున్నాను. పుస్తకం మూసేశాను.

పోయిన నెల నేను గుండె పరీక్షలకు వెళ్ళినప్పుడు కరెంటు పోయింది. పంపులు ఆగితే చేపలకు ఊపిరాడదు. ఆమె దిగి వచ్చి, మగ్గుతో నీళ్ళు తోడి పైనుంచి పోస్తూ రెండు గంటలు నిలబడింది. కరెంటు రాగానే వెళ్ళిపోతూ మా అమ్మాయితో, "మీ అమ్మకి చెప్పు, నేను దేన్నీ తోమలేదని" అందట.

కాబట్టి ఐదో అంశంలో చెప్పిన తొట్టి, దాని సమస్త ప్రాణులు, పంపులు, పరీక్ష సీసాలు, మేత డబ్బా, ఆ రీడింగుల పుస్తకం, మే నెల పేజీలతో సహా, మా తోటికోడలికి చెందాలి. తొట్టికి సంబంధించినంతవరకు అమలుకర్త ఆమే. మిగిలిన ఆస్తికి మా అమ్మాయి. తోటికోడలికి ఇష్టం లేకపోతే ఎవరూ బలవంతపెట్టకూడదు. ఆమె మీద పచ్చపాచి గెలిచినా ఒక్క మాట అనకూడదు. అది నా మీదా గెలిచింది.

7. ఈ కాగితం రాస్తుంటే ఒక విషయం గమనించాను. సోమవారం నేను తిరిగి రాకపోతే ఆరో అంశం నా నోటితో చెప్పనక్కర్లేదు కదా అని నాలో ఎక్కడో ఊరట. ఆపరేషన్ కంటే ఆ ఊరట నన్ను ఎక్కువ భయపెట్టింది. అందుకని సాక్షులు సంతకాలు చేయగానే పైకి వెళ్తాను. పదహారు మెట్లు. డాక్టరుగారు ఎక్కవద్దన్నారు, మధ్యలో రెండుసార్లు కూర్చుంటాను. పైన నాకు నోరు పెగలకపోతే ఆరో అంశం నకలు చేతిలో ఉంటుంది.

పైన రాసినదంతా చదువుకుని, కొట్టివేతలు లేవని చూసుకుని సంతకం చేస్తున్నాను.

తేదీ: 14 మార్చి 2025, శుక్రవారం, ఉదయం పదకొండు గంటలు.

(సంతకం) చిన్నకోడలు

సాక్షులు:

1. వీధి చివర మందుల షాపు యజమాని. ఆమె మా ఇద్దరి ఎదుటా సంతకం చేశారు.

2. ఎదురింటి దర్జీ. నేనూ చూశాను, సంతకం చేశాను. మెట్ల దాకా తోడు వెళ్ళాను. మొదటి మెట్టు దగ్గర చెయ్యి వదిలించుకుని, ఇక వద్దన్నారు. పైన తలుపు తీసిన చప్పుడు విన్నాకే వెనక్కి వచ్చి ఈ మాటలు రాస్తున్నాను.