పుచ్చకాయకు శాలువా

గౌరవనీయులైన యాదగిరి సార్‌కు,

మీరు కన్నుమూసి ఏడాదైన సందర్భంగా, పటాన్‌చెరు బడిలో మీ స్థానంలో సైన్సు చెబుతున్న నేను సమర్పించుకునే నివేదిక.

తప్పని తేలిన ప్రతి పరమాణు నమూనాకూ, ఫ్యాక్టరీలో రిటైరైన మనిషికి కప్పినట్టు, మీరు శాలువా కప్పేవారు. నేనూ అదే పాటిస్తున్నాను. నిన్న పుచ్చకాయ వంతు; నిజం కాయనే తెచ్చి బల్ల మీద పెట్టి కప్పాను. గుజ్జులో గింజల్లా ఎలక్ట్రాన్లుంటాయన్న నమూనా అది. అప్పుడే తనిఖీ అధికారి వచ్చారు.

"తప్పైనదానికి సన్మానమేంది? ఇది బంద్ చేసి, చివరి నమూనా ఒక్కటే చెప్పండి."

తొమ్మిదో తరగతి లావణ్య లేచింది. "తప్పని తేలేదాంక గదే పని జేసింది గద సార్. ఇప్పుడున్నది గుడ ఎప్పుడో దిగిపోతది. దానికి గుడ ఒక శాలువా తెచ్చి పెట్టున్రి."

అధికారి నల్లబల్ల మీది తాజా నమూనాను కాసేపు చూసి, ఆదేశాన్ని ఉపసంహరించుకుని, సన్మానం తర్వాత కోసిన పుచ్చకాయ ముక్క స్వీకరించారు.

మీ పద్ధతి యథావిధిగా అమలులో ఉంది. ఈ నివేదిక పంపడానికి మీ ప్రస్తుత చిరునామా కార్యాలయంలో లభ్యం కాలేదు.