నిరంజన్ తెచ్చిన జేడ్ మొక్క

పలాస దగ్గర సుమ్మాదేవి గ్రామంలో కాపురముంటున్న, కీర్తిశేషులు సన్యాసి గారి భార్య దువ్వారపు నూకరత్నం అను నేను, ఒంట్లో ఓపిక తగ్గినా తెలివీ జ్ఞాపకమూ చెడకుండా ఉన్న సమయంలో, ఎవరి ప్రోద్బలమూ లేకుండా నా ఇష్టప్రకారం రాయిస్తున్న వీలునామా ఇది. నేను బతికున్నంతకాలం నా ఆస్తి నా చేతిలోనే ఉంటుంది. నా తదనంతరం నా తమ్ముడు పైడిరాజు దగ్గరుండి దీన్ని అమలు జరిపించాలి.

1. ఇంతకుముందు నేను రాసిన వీలునామాను ఇందుమూలంగా రద్దు చేస్తున్నాను. అందులో ఇల్లూ తోటలూ అన్నీ పెద్దకొడుకు త్రినాథరావుకే రాశాను. చిన్నకొడుకు నిరంజన్ పోయిన దుఃఖంలో, వాడి భార్య బిందు మీద కోపంతో రాసిన కాగితం అది.

2. నా తండ్రి పసుపుకుంకుమ కింద నాకిచ్చిన జీడితోట సర్వహక్కులతో త్రినాథరావుకు చెందాలి. వాడికి టెక్కలిలో ఎరువుల కొట్టుంది, సొంత మేడ ఉంది. తమ్ముడి సంవత్సరీకమైనా కాకముందే బిందును పుట్టింటికి పంపేయమని నాతో అన్నాడు. ఆ మాట నేను మరిచిపోలేదు. అయినా కొడుకు కాబట్టి తోట ఇస్తున్నాను.

3. నా పేర కొన్న ఈ ఇల్లు, పెరడు, వెనకనున్న కొబ్బరితోట కోడలు బిందుకు చెందాలి. మనసెందుకు మారిందని రేపు త్రినాథరావు అడుగుతాడు కనుక కారణం ఇక్కడే రాయిస్తున్నాను.

నిరంజన్‌ను తీసుకుపోయింది ఈ ఉద్దానం ప్రాంతంలో ఎందరినో తీసుకుపోయిన కిడ్నీ జబ్బే. పలాసలో డయాలసిస్ చేయించుకుని వస్తూ ఒకసారి కాశీబుగ్గలో తోపుడుబండి మీద ఒక జేడ్ మొక్క కొన్నాడు. ఆకులు దళసరిగా, ముద్దుగా ఉండేవి. అడుగున చిల్లు లేని పింగాణీ కుండీలో పెట్టి అమ్మారు. దాన్ని అరుగు మీద పెట్టుకుని దాని పక్కనే కూర్చునేవాడు. వాడు ఎక్కువ నీళ్ళు తాగకూడదని డాక్టరు చెప్పాడు. బిందు కొలిచి ఇచ్చేది. ఇంకో గుక్క కావాలని వాడు అడిగితే ఇవ్వమని నేను, వద్దని ఆమె. చివరికి వాడు పోయాడు. నా బిడ్డను దాహంతో చంపావని చావింట్లో నలుగురి ముందూ ఆమెను అన్నాను. ఆ తర్వాత ఒకే ఇంట్లో రెండు పొయ్యిలు పెట్టుకున్నాం. మాటలు లేవు.

వాడికి లేకపోయినా దానికైనా దక్కాలని పొద్దున్నే ఆ మొక్కకు చెంబెడు నీళ్ళు పోసేదాన్ని. నేను లోపలికి వెళ్ళాక సాయంత్రం పూట బిందూ పోసేదట. ఒకరి సంగతి ఒకరికి తెలియదు. వానాకాలంలో ఆకులు పసుపెక్కి, నానినట్టయి, ముట్టుకుంటే రాలిపోసాగాయి. నీళ్ళు చాలలేదేమోనని ఇంకాస్త పోశాను. ఒకనాడు కాండం పట్టుకుంటే మొదట్లో నల్లగా మెత్తబడి, కుళ్ళు వాసనతో చేతిలోకి వాలింది. నేను ఏడుస్తుంటే బిందు వచ్చింది. చాలాకాలానికి ఆమె నాతో అన్న మొదటి మాట, "నువ్వూ నీళ్ళు పోత్తన్నావా అత్తా?"

ఫోనులో చూసి ఎలా బతికించాలో తెలుసుకుంది. మొక్కను పెరికి మట్టి దులిపితే వేర్లు గుజ్జులా ఊడివచ్చాయి. కత్తి కాల్చి, మచ్చ లేని కండ కనిపించేదాకా కాండాన్ని కోసుకుంటూ పోయింది. నేను పసుపు రాశాను. గాయం ఎండేదాకా నీడలో కాగితం మీద పరిచి ఉంచాం. తర్వాత చిల్లున్న మట్టికుండీలో ఇటుక ముక్కలు, ఏటి ఇసుక వేసి నాటింది. వేరు తొడిగేదాకా నీళ్ళు పోయకూడదంది.

ఆకులు ముడతలు పడుతుంటే నాకు చూడబుద్ధి కాలేదు. చెంబు పట్టుకుని వెళ్ళాను. బిందు నా మణికట్టు పట్టుకుంది.

"ఇప్పుడు పోత్తే సచ్చిపోద్ది అత్తా. ఆయనకి నీళ్ళు కొలిసినప్పుడు కూడా నాను మొకం సూడలేకపోయేదాన్ని. అలగే ఇచ్చీదాన్ని."

చెంబు లోపల పెట్టేశాను. ఆ పూట నుంచి ఒకే పొయ్యి. కొన్నాళ్ళకు కొసన ఆవగింజంత చిగురు కనిపిస్తే ఇద్దరం చాలాసేపు దాన్నే చూస్తూ కూర్చున్నాం. నా కొడుకును బతికించుకోవాలని నాకంటే గట్టిగా పట్టుబట్టింది ఆమేనని నాకు అర్థమైంది. అందుకే ఇల్లు ఆమెకు.

4. ఆ మొక్క బిందుదే. కోసిన కొమ్మల్లో బతికిన చిన్నదాన్నీ, నా ముక్కుపుడకనూ త్రినాథరావు కూతురు యామినికి ఇవ్వాలి. మొక్కకు నీళ్ళు ఎప్పుడు పోయాలో తన పిన్నిని అడిగి పోయాలి.

5. బిందుకు ఇంకా వయసుంది. ఆమె మళ్ళీ పెళ్ళి చేసుకుంటే ఈ ఇంటి మీద హక్కు పోతుందని ఎవరూ అనకూడదు. తమ్ముడూ, నీకు మరీ చెబుతున్నాను. ఆమెను చేసుకున్నతను వచ్చి ఈ ఇంట్లోనే ఉంటానంటే ఉండనివ్వండి. ముందుగదిలో నా కొడుకు ఫొటో ఉంచుతుందో తీస్తుందో ఆమె ఇష్టం. తీసిందని తెలిసినా, ఎందుకు తీశావని అడగవద్దు.

చదివి వినిపించగా విని, సరేనని సంతకం చేశాను.

సుమ్మాదేవి, 2024 నవంబరు 18

(సం.) దువ్వారపు నూకరత్నం

సాక్షులు:
మడ్డు గౌతమ్, మందస
కొర్ల దేవి, సుమ్మాదేవి