నాతో చెప్పకుండా నా చెయ్యి వేసిన ఓటు

గృహ సహకార సంఘాల రిజిస్ట్రారు గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: మా భవనంలో పగటిపూట లిఫ్టు ఆపాలన్న తీర్మానానికి నా కుడిచెయ్యి ఇచ్చిన మద్దతును రద్దు చేయుట గురించి.

మూడో అంతస్తులో కాపురముంటున్న గృహిణి మనవి చేసుకొనునది ఏమనగా:

1. రోగాలతో పోరాడవలసిన నా ఒంటి రక్షణ వ్యవస్థ దారి తప్పి నా మెదడు మీదే పడింది. కంచే చేను మేసింది. అందువల్ల నా కాళ్లూ చేతులూ నా అనుమతి లేకుండా కదులుతున్నవి. నరాల డాక్టరు గారి ధ్రువపత్రం జతపరచడమైనది. కూర కలుపుతుంటే గరిటె ఎగిరి గోడకు తగిలినప్పుడు దాన్ని ఎవరూ నా అభిప్రాయంగా తీసుకోలేదు.

2. సర్వసభ్య సమావేశంలో అధ్యక్షులవారు, "కరెంటు బిల్లు తడిసి మోపెడవుతోంది. పగలు లిఫ్టు ఆపేద్దాం. ఒప్పుకునేవాళ్లు చేతులెత్తండి" అన్నారు. వారుండేది కింది అంతస్తులో. సరిగ్గా అప్పుడే నా కుడిచెయ్యి లేచింది. ఎడమచేత్తో దాన్ని కిందికి లాగబోతే అదీ లేచింది.

3. పక్కనున్న మావారు నన్ను చూసి తమ చెయ్యీ ఎత్తారు. తీర్మానం ఒక్క ఓటుతో నెగ్గింది. ఇది జబ్బండీ, ఓటు కాదని నేను మొత్తుకుంటే అధ్యక్షులవారు, "చెయ్యి మీదే కదమ్మా?" అన్నారు. ఇంటికొచ్చాక మావారిని, "మీకైనా బుద్ధుండక్కర్లేదా?" అని అడిగాను. "నీకుందనుకునే ఎత్తానే" అన్నారు.

4. మందు ఎక్కించుకోవడానికి నేను పగలే ఆసుపత్రికి పోవాలి. మెట్ల మీద నా కాలు తనంతట తాను గాలిని తన్నుతుంది. మొన్న కూర్చుని ఒక్కో మెట్టూ జరుగుతూ దిగబోయి, రెండో అంతస్తు దగ్గరే ఆగిపోయాను. ఈసారి మందు తప్పింది. మందు తప్పితే చేతులు ఇంకా లేస్తాయి. అప్పుడు మా సంఘంలో ఎలాంటి తీర్మానాలు నెగ్గుతాయో తమరే ఊహించగలరు.

కావున నా ఓటును, దాన్ని చూసి పడిన మావారి ఓటును కొట్టివేసి, లిఫ్టు తాళం తీయించవలసిందిగా ప్రార్థన. ఆ రెండూ తీసేస్తే తీర్మానం వీగిపోతుంది. నేను తీసివేసి చూశాను. తమరూ చూసి చిత్తగించవలెను.

తమ విధేయురాలు, చేతులు మినహా,
మూడో అంతస్తు గృహిణి

తా.క.: విచారణకు తమరు పగలే వస్తారు గనుక మెట్లెక్కే రావాలి. రొప్పు తగ్గేదాకా కూర్చుందురుగాని, కుర్చీ వేసి ఉంచుతాను. తలుపు తీయగానే నా చెయ్యి తమకు తగిలితే అది జబ్బు, మన్నించగలరు. అర్జీ తోసిపుచ్చాక తగిలితే మాత్రం అది నేనే.